డీఎన్ఏ మైక్రోఅర్రే డేటా నిర్వహణ వ్యవస్థ: తరచుగా అడిగే ప్రశ్నలు

డీఎన్ఏ మైక్రోఅర్రే అంటే వేల జన్యువుల డీఎన్ఏ ముక్కలను చుక్కలుగా (స్పాట్లుగా) పెట్టిన చిన్న చిప్. నమూనాలోని ఆర్ఎన్ఏకు మెరిసే రంగు లేబుల్ వేసి దాని మీద పోసి, ఏ చుక్క ఎంత వెలిగిందో స్కాన్ చేస్తే సాధారణంగా ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో తెలుస్తుంది. అలాంటి డేటా కోసం సొంత వ్యవస్థ కట్టుకుంటున్న ల్యాబుల నుంచి ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. పని నడిచే క్రమంలో వాటిని ఇక్కడ పేర్చాం. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఎక్సెల్ షీట్లు, ఫోల్డర్లతో పని నడుస్తూనే ఉంది కదా. వేరే వ్యవస్థ ఎందుకు?

పది ఇరవై చిప్‌ల వరకు నడుస్తుంది. ఆ తర్వాత ఎవరైనా గ్రాఫులో ఒక చుక్క చూపించి "ఇది ఏ ఎలుకది? దాని ఆర్ఎన్ఏ ఎప్పుడు తీశారు? ఏ లాట్ కిట్‌తో లేబుల్ చేశారు?" అని అడిగితే షీట్లు జవాబు చెప్పవు. ఆ ప్రశ్నకు నిమిషంలో జవాబు దొరకడం కోసమే ఈ వ్యవస్థంతా.

ఎక్సెల్‌తో ఇంకో ప్రమాదముంది. సెప్ట్2 అనే జన్యువు పేరును అది సెప్టెంబర్ 2గా, మార్చ్1ను మార్చి 1గా మార్చేస్తుంది. 2310009ఈ13 లాంటి, జపాన్ పరిశోధన సంస్థ రైకెన్ డీఎన్ఏ ముక్కలకు ఇచ్చిన గుర్తును పెద్ద సంఖ్య అనుకుని 2.31ఈ+19 అని చూపిస్తుంది. అలాగే సేవ్ చేస్తే అసలు గుర్తు తిరిగి రాదు. ఈ గొడవ పడలేక మానవ జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ 2020లో ఆ పేర్లనే సెప్టిన్2, మార్చ్ఎఫ్1 అని మార్చింది. పాత ఫైళ్లలో మాత్రం పాత పేర్లే ఉంటాయి. కాబట్టి జన్యువు పేర్లున్న షీటు ఏదొచ్చినా తేదీలా కనిపించే విలువల కోసం వెతికి, దొరికితే ఆ ఫైలును వెనక్కి పంపండి.

ఇప్పుడంతా ఆర్ఎన్ఏ సీక్వెన్సింగే (ఆర్ఎన్ఏ అక్షరాలను నేరుగా చదివే పద్ధతే). మైక్రోఅర్రే కోసం కట్టడం దండగ కాదా?

కాదు. జీనోటైపింగ్ (మనిషికీ మనిషికీ ఉండే డీఎన్ఏ తేడాలు చూడడం), మిథైలేషన్ (డీఎన్ఏకు అంటుకున్న రసాయన గుర్తులు చూడడం) పనుల్లో అర్రేలు ఇప్పటికీ విరివిగా వాడుతున్నారు. జన్యువులు ఎంత చురుగ్గా ఉన్నాయో కొలిచిన పాత ఎక్స్‌ప్రెషన్ డేటాను కొత్త ప్రశ్నలతో మళ్లీ తవ్వుతూనే ఉన్నారు. పైగా నమూనా, ఆర్ఎన్ఏ, ప్రోటోకాల్, ప్రయోగం అనే భాగాలు రెండింటికీ ఒకటే. చిప్ డిజైన్, స్కాన్ టేబుళ్లను విడిగా ఉంచితే రేపు సీక్వెన్సింగ్ ఫైళ్లను ఆ పక్కనే చేర్చుకోవచ్చు.

సొంతంగా రాసుకోవాలా, ఉన్నదే తెచ్చుకోవాలా?

లుండ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన బేస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, దాని సోర్స్ కోడ్ కూడా బహిరంగం. నమూనా నుంచి స్కాన్ దాకా గొలుసు మొత్తం అందులో ఉంది. ముందు దాన్ని పెట్టుకుని మీ ప్రయోగం ఒకటి పూర్తిగా ఎక్కించి చూడండి. సరిపడకపోయినా ఏయే టేబుళ్లు అవసరమో తెలిసొస్తుంది.

ఒకే రకం చిప్, ఏడాదికి కొన్ని వందలకు మించని సంఖ్య అయితే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ఒక ఫైల్ సర్వర్, చిన్న వెబ్ ఫారం, ఆర్ అనే గణాంక భాషలో బయోకండక్టర్ ప్యాకేజీలు చాలు. ఏ దారి పట్టినా దాన్ని చూసుకునే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి లేకుండా మొదలుపెట్టకపోవడమే మేలు.

మియామే ప్రమాణం అంటే ఏమిటి? డేటాబేస్ అచ్చంగా దాని ప్రకారమే ఉండాలా?

మైక్రోఅర్రే ప్రయోగం గురించి కనీసం ఏమేం చెప్పాలో నిర్ణయించిన జాబితా అది, 2001లో వెలువడింది. అందులో ఆరు అంశాలున్నాయి: ముడి డేటా, శుద్ధి చేసిన డేటా, నమూనాల వివరాలు, ప్రయోగ రూపకల్పన, చిప్ వివరాలు, ల్యాబ్‌లోనూ విశ్లేషణలోనూ వాడిన పద్ధతులు. ఏం చెప్పాలో మాత్రమే అది చెబుతుంది. టేబుళ్లు ఎలా కట్టాలన్నది మీ ఇష్టం.

అరవై గడులు పెట్టి అన్నీ తప్పనిసరి చేస్తే, ఫారం దాటించుకోవడానికి జనం "ఎక్స్" అనో గీత అనో కొట్టేస్తారు. పది పన్నెండు గడులే తప్పనిసరి చేసి, వాటి విషయంలో మాత్రం గట్టిగా ఉండండి.

ముందు ఏ భాగం కట్టాలి?

నమూనా నమోదు, ఫైళ్లను లోపలికి తీసుకునే దారి. ఈ రెండూ నిలబడ్డాకే మిగతావి. రంగురంగుల విశ్లేషణ తెరలు చివర్లో.

## నమూనాలు, ల్యాబ్ పని

నమూనాకు పేరు ఎలా పెట్టాలి?

పేరులో అర్థం ఇరికించొద్దు. "కాలేయం_కంట్రోల్_3" అని పెట్టారనుకోండి. రెండు నెలల తర్వాత ఆ ఎలుకకు మందు ఎక్కిందని తేలితే ట్యూబు మీది పేరే అబద్ధమవుతుంది. వరుస సంఖ్య ఇచ్చి, చివర ఒక తనిఖీ అంకె చేర్చండి. చేత్తో రాసేటప్పుడు అంకె తప్పినా, పక్కపక్క అంకెలు తారుమారైనా అది చాలావరకు పట్టేస్తుంది. కాలేయం, కంట్రోల్ లాంటివన్నీ డేటాబేస్ గడుల్లో ఉండాలి.

లేబుల్ విషయంలో పొదుపు చేయొద్దు. మామూలు కాగితం స్టిక్కర్ మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఊడిపోతుంది. అతి చల్లదనానికి తట్టుకునే లేబుల్ మీద చదరపు బార్‌కోడ్, పక్కనే కంటితో చదవగలిగే సంఖ్య రెండూ ముద్రించాలి.

ఒకే కణజాలం నుంచి రెండు ఆర్ఎన్ఏలు తీశాం, కొన్నిటిని కలిపేశాం. దీన్ని ఎలా చూపించాలి?

కణజాలం, ఆర్ఎన్ఏ, లేబుల్ చేసిన పదార్థం, హైబ్రిడైజేషన్ (ఆ పదార్థాన్ని చిప్ మీది డీఎన్ఏకు అంటుకోనివ్వడం) అని నాలుగు మెట్లు పెట్టి, ఒక్కో మెట్టునూ దాని తల్లి రికార్డుకు కలపండి. ఒక తల్లికి ఎన్ని పిల్లలైనా ఉండొచ్చు. కలిపేసిన నమూనాలకు ఒక పిల్లకు చాలామంది తల్లులుంటారు. కాబట్టి తల్లి సంఖ్యను ఒక్క గడిలో పెట్టకుండా విడి లింకు టేబుల్ పెట్టి, దేన్నుంచి ఎన్ని మైక్రోగ్రాములు తీసుకున్నారో అందులోనే రాయండి.

ఈ చెట్టు సరిగా ఉంటే రెప్లికేట్ (అదే కొలతను మళ్లీ చేసిన చిప్) ఏ రకమో అడగక్కర్లేదు. రెండు చిప్‌లు ఒకే ఆర్ఎన్ఏ దగ్గర కలిస్తే టెక్నికల్. వేర్వేరు జంతువుల దాకా కలవకపోతే బయలాజికల్.

రెండు రంగుల చిప్‌లలో రంగును హైబ్రిడైజేషన్ రికార్డులో కాక, లేబుల్ చేసిన పదార్థం రికార్డులో రాయాలి. రంగులు మార్చి చేసిన జత చిప్‌లో లాగ్ నిష్పత్తి గుర్తు (ప్లస్, మైనస్) తిరగబడాలి. రంగు తప్పు చోట ఉంటే అది తిరగబడదు. అప్పుడు నిజమైన తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా అయిపోతాయి.

ఆర్ఎన్ఏ దశలో తప్పకుండా రాయాల్సినవి ఏవి?

గాఢత, 260/280 నిష్పత్తి, 260/230 నిష్పత్తి (ఆ నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూసే శుద్ధత కొలతలు), ఆర్ఎన్ఏ ఎంత చితకకుండా ఉందో 1 నుంచి 10 వరకు చెప్పే ఆర్ఐఎన్ స్కోరు, తీసిన తేదీ, కిట్ లాట్ సంఖ్య, తీసిన వ్యక్తి. శుద్ధమైన ఆర్ఎన్ఏకు 260/280 సుమారు 2.0 ఉంటుంది. గాఢత యూనిట్‌ను గడి పేరులోనే కట్టేయండి, లేకపోతే ఒకరు మైక్రోలీటరుకు నానోగ్రాములనీ మరొకరు మైక్రోగ్రాములనీ రాస్తారు.

లేబుల్‌కు సై5 అనే ఎర్ర రంగు (దాని జత ఆకుపచ్చ సై3) వాడితే చిప్ కడిగిన సమయం, స్కాన్ చేసిన సమయం గంటలతో సహా రాయండి. గాలిలోని ఓజోన్ సై5ను తినేస్తుంది, సై3ని అంతగా ముట్టదు. ఎర్ర రంగు ఉన్నట్టుండి పలచబడిన రోజులు ఆ గంటల వల్లే బయటపడతాయి.

ల్యాబ్ వాళ్లు వివరాలు నింపడం లేదు. ఏం చేయాలి?

సాధారణంగా తప్పు ఫారంలోనే ఉంటుంది. ఇరవై నాలుగు నమూనాలకు ఇరవై నాలుగు సార్లు అదే కిట్ పేరు కొట్టమంటే ఎవరూ కొట్టరు. ప్రోటోకాల్ ఎంచుకోగానే దాని మామూలు విలువలన్నీ అన్ని నమూనాలకూ నిండిపోవాలి. ఆ రోజు భిన్నంగా చేసింది మాత్రమే మనిషి రాయాలి. స్కానర్, టాబ్లెట్ బల్ల మీదే ఉండాలి. సాయంత్రం గుర్తు తెచ్చుకుని నింపే వివరాలను నమ్మలేం.

ఒక నియమం మాత్రం సడలించొద్దు: నమోదు కాని నమూనా స్కాన్ ఫైలును వ్యవస్థ తీసుకోకూడదు.

కణజాలం, జాతి, వ్యాధి పేర్లను టైప్ చేయనివ్వకండి. "లివర్", "కాలేయం", "లివర్ టిష్యూ" మూడు వేర్వేరు విలువలై కూర్చుంటాయి. జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టి, వెనక ప్రామాణిక గుర్తు దాచండి. జాతికి అమెరికా జీవ సమాచార కేంద్రం ఎన్‌సీబీఐ ఇచ్చిన టాక్సానమీ సంఖ్య ఉంది: మనిషికి 9606, చిట్టెలుకకు 10090. "ఇతరం" అనే వరుస ఉంచి, అందులో చేరినవాటిని వారానికోసారి ఒకరు చూసి సర్దాలి.

## చిప్‌లు, స్కాన్‌లు

చిప్ డిజైన్ గురించి ఏం దాచాలి? జన్యువుల జాబితా చాలదా?

చాలదు. చిప్ మీద స్థానం, ఆ స్థానంలోని ప్రోబ్ (చిప్‌కు అతికించిన డీఎన్ఏ ముక్క) సీక్వెన్స్, ఆ సీక్వెన్స్ ఏ జన్యువుది అనేవి మూడు వేర్వేరు పొరలు. మొదటి రెండూ ఎప్పటికీ మారవు. మూడోది జీనోమ్ కూర్పు మారిన ప్రతిసారీ మారుతుంది. ఒకప్పుడు అందరూ నమ్ముకున్న యూనిజీన్ అనే జన్యు గుర్తుల డేటాబేస్‌ను 2019లో ఆపేశారు. ఆ సంఖ్యలే దాచుకున్నవాళ్ల దగ్గర ఇప్పుడు ఎక్కడికీ దారితీయని గుర్తులున్నాయి. ప్రోబ్ సీక్వెన్స్ దాచుకుంటే, అది అఫీమెట్రిక్స్ వాళ్ల 25 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల)దైనా అజిలెంట్ వాళ్ల 60 బేస్‌లదైనా, ఎప్పుడు కావాలంటే అప్పుడు కొత్త జీనోమ్‌తో పోల్చుకోవచ్చు. జన్యు వివరాల టేబుల్‌కు కూర్పు సంఖ్య, తేదీ ఉండాలి.

చిప్‌లు మేమే ముద్రించుకుంటాం. ప్రత్యేకంగా ఏం చూసుకోవాలి?

384 గుంటల ప్లేటులోని ఏ గుంట ఏ బ్లాకులో, ఏ వరుసలో, ఏ నిలువులో పడిందన్న పటం ప్రతి ముద్రణకూ వేరుగా దాచాలి. డిజైన్ అదే అయినా చుక్కలు పెట్టే పిన్ను ఒకటి మూసుకుపోతే ఆ ముద్రణ వేరే.

అతి ఘోరమైన తప్పు ప్లేటు తిరగేసి పెట్టడం. 180 డిగ్రీలు తిరిగితే ఏ1 గుంటలోది పీ24 చోటికి వెళ్తుంది. స్కాన్ బొమ్మ ముచ్చటగా ఉంటుంది, ప్రతి స్పాటూ గుండ్రంగా మెరుస్తుంది, జన్యువుల పేర్లు మాత్రం అన్నీ తప్పు. ఏ గణాంక పరీక్షా దీన్ని పట్టదు. అందుకే ప్రతి ప్లేటులోనూ తిప్పితే చోటు మారేలా రెండు మూడు గుంటల్లో వేరే జాతి నియంత్రణ డీఎన్ఏ పెట్టి, దానికి సరిపడే లేబుల్ చేసిన ఆర్ఎన్ఏను ప్రతి హైబ్రిడైజేషన్‌లోనూ కలపండి. అనుకున్న చోటే వెలుగు వచ్చిందో లేదో వ్యవస్థ తనంతట తాను సరిచూడాలి.

ఏ ఫైళ్లు దాచాలి? ఎంత స్థలం కావాలి?

అఫీమెట్రిక్స్ చిప్‌లకు సీఈఎల్ ఫైలు (గడి గడికీ కాంతి విలువలున్న ముడి ఫైలు) తప్పనిసరి. హెచ్‌జీ-యూ133 ప్లస్ 2.0 చిప్‌లో 1164 వరుసలు, 1164 నిలువులు, అంటే 13,54,896 గడులు. దాని సీఈఎల్ ఫైలు బైనరీ రూపంలో సుమారు 13 మెగాబైట్లు. అసలు బొమ్మ అయిన డీఏటీ ఫైలును చవకైన నిల్వలోకి తోసేయొచ్చు.

గాజు పలక మీద ముద్రించిన చిప్‌లకు టిఫ్ బొమ్మ పారేయకూడదు, ఎందుకంటే గ్రిడ్ (స్పాట్ల మీద గీసే గడుల వల) తప్పుగా కూర్చుందని తేలితే మళ్లీ గీయాల్సింది దాని మీదే. 22 మిల్లీమీటర్లు అడ్డం, 72 నిలువు ఉన్న ప్రాంతాన్ని 10 మైక్రాన్లతో, 16 బిట్లలో స్కాన్ చేస్తే రంగుకు సుమారు 32 మెగాబైట్లు, రెండు రంగులకు 64. అదే 5 మైక్రాన్లతో చేస్తే నాలుగింతలు, పలకకు పావు గిగాబైటు. నష్టం లేని కుదింపు వాడండి. జేపెగ్ తెరమీద చూసుకోవడానికే.

ఫైలు లోపలికి వచ్చేటప్పుడు ఏమేం తనిఖీ చేయాలి?

మొదట కాపీ పూర్తయిందా అని. స్కానర్ ఇంకా రాస్తుండగానే ఫైలు ఎత్తేస్తే సగమే వస్తుంది. పరిమాణం రెండు నిమిషాలు మారకుండా నిలిచాకే ముట్టుకోండి. వెంటనే ఎస్‌హెచ్ఏ-256 సంతకం (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కించి, ఆ సంతకం ఇప్పటికే ఉందేమో చూడండి. ఒకే ఫైలు రెండు పేర్లతో రావడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు, దాన్ని గమనించకపోతే రెండు "రెప్లికేట్లు" అద్భుతంగా సరిపోలుతాయి.

ఆ తర్వాత ఫైలు తలభాగంలోని చిప్ రకం, నమోదైన డిజైన్ ఒకటేనా? వరుసల లెక్క కుదిరిందా? స్కాన్ తేదీ హైబ్రిడైజేషన్ తేదీకన్నా ముందుందా? అలా ఉంటే సాధారణంగా స్కానర్ కంప్యూటర్ గడియారం తప్పు. 65,535 దగ్గర ఎన్ని స్పాట్లు ఆగిపోయాయి? 16 బిట్లకు అదే పైకప్పు. అక్కడ ఆగిన స్పాట్ల నిష్పత్తి నమ్మదగినది కాదు.

అన్నీ దాటాక ఫైలును చదవడానికి మాత్రమే వీలయ్యేలా తాళం వేయండి. పాత పేరును ఒక గడిలో ఉంచి, నిల్వలో వ్యవస్థ ఇచ్చిన సంఖ్యతోనే పెట్టండి.

అదే చిప్‌ను రెండుసార్లు స్కాన్ చేశాం. ఏది ఉంచాలి?

రెండూ. హైబ్రిడైజేషన్ ఒకటి, దాని కింద స్కాన్‌లు ఎన్నైనా. ఒక్కోదానికీ పీఎంటీ (స్కానర్‌లో కాంతిని పట్టే భాగం) వోల్టేజీ, లేజర్ శక్తి, వరుస క్రమం రాయండి. ప్రతి స్కాన్‌తోనూ రంగు కొంత వెలిసిపోతుంది కాబట్టి ఎన్నోసారి స్కానో తెలియాలి. విశ్లేషణకు ఏది వాడారో గుర్తు పెట్టండి.

## డేటాబేస్ నిర్మాణం

ప్రతి స్పాట్ విలువనూ డేటాబేస్ టేబుల్‌లో పెట్టాలా?

వద్దు. హెచ్‌జీ-యూ133 ప్లస్ 2.0 చిప్‌లు 500 ఉంటే గడికో వరుస చొప్పున 67 కోట్ల 74 లక్షల వరుసలవుతాయి. పోస్ట్‌గ్రెస్ ఒక్కో వరుసకు 20 బైట్లకు పైగా తన సొంత లెక్కలకే వాడుకుంటుంది. విలువకన్నా దాని సంచే బరువు. పైగా ఆ గడులను ఎవరూ ఒక్కొక్కటిగా అడగరు, నార్మలైజ్ చేసే (చిప్‌ల మధ్య కొలత తేడాలను సరిచేసే) ప్రోగ్రాం చిప్ మొత్తాన్ని ఒకేసారి చదువుతుంది.

సంబంధాలు డేటాబేస్‌లో, సంఖ్యలు ఫైళ్లలో ఉంచండి. ముడి విలువలు సీఈఎల్ వంటి అసలు ఫైళ్లలోనే ఉండనివ్వండి. నార్మలైజ్ చేసిన మాత్రికను పెద్ద సంఖ్యల పట్టికలకు తగిన హెచ్‌డీఎఫ్5 ఫైలుగా దాచండి. 54,675 ప్రోబ్ సెట్లు (ఒక జన్యువును కలిసి కొలిచే ప్రోబ్‌ల గుంపులు), 500 చిప్‌లు, విలువకు 4 బైట్లు అంటే మొత్తం 109 మెగాబైట్లే. "ఈ జన్యువు అన్ని ప్రయోగాల్లో ఎలా ఉంది?" అని చూపించే వెబ్ పేజీ కావాలంటే ఆ మాత్రికను మాత్రం ఒక టేబుల్‌లోకి ఎక్కించి ప్రోబ్ సెట్ మీద ఇండెక్స్ వేయండి. 2 కోట్ల 73 లక్షల వరుసలను పోస్ట్‌గ్రెస్ తేలిగ్గా మోస్తుంది.

రెండు నమూనాలు తారుమారయ్యాయని తర్వాత తెలిసింది. ఎలా సరిదిద్దాలి?

పాత లింకును చెరిపేయకుండా, అది చెల్లదని గుర్తుపెట్టి కొత్త లింకు వేయండి. ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో మార్చారో పక్కనే ఉండాలి. ఆ చిప్‌లు వాడిన ప్రతి మాత్రిక, ప్రతి ఫలితం మీదా "పాతబడింది" అన్న ముద్ర దానంతట అదే పడాలి.

ఇలాంటివి పట్టే చవకైన పరీక్ష ఒకటుంది. మానవ నమూనాల్లో ఎక్సిస్ట్ జన్యువు ఆడవాళ్లలో పలుకుతుంది (అంటే దాని ఆర్ఎన్ఏ తయారవుతుంది), మగవాళ్లలో పలకదు. వై క్రోమోజోమ్ మీది ఆర్‌పీఎస్4వై1 దానికి సరిగ్గా తిరగేసి. ఈ రెండింటినీ అడ్డం, నిలువు గీతల మీద చుక్కలుగా పెడితే రెండు గుంపులు విడిపోతాయి. నమోదైన లింగం ఒకటై, చుక్క రెండో గుంపులో పడితే ఆ ట్యూబు చరిత్ర మళ్లీ తవ్వాల్సిందే. కొన్ని కణితుల్లో ఈ జన్యువులే మారిపోతాయి కాబట్టి దీన్ని తీర్పుగా కాక అనుమానంగా తీసుకోండి.

## విశ్లేషణ దశ

నార్మలైజ్ చేసిన విలువలు దాచాలా? కావలసినప్పుడు మళ్లీ లెక్కిస్తే సరిపోదా?

దాచాలి. ఆర్ఎంఏ అనే నార్మలైజ్ పద్ధతి అన్ని చిప్‌లనూ కలిపి లెక్కిస్తుంది. 40 చిప్‌ల గుంపుకు 41వది చేర్చితే మిగతా 40 విలువలూ కాస్త కదులుతాయి. కాబట్టి ఆ విలువ ఒక్క చిప్‌కు చెందింది కాదు, ఆ గుంపుకు చెందింది. మాత్రికతోపాటు చిప్‌ల జాబితా, పద్ధతి, ఆర్, ప్యాకేజీల కూర్పు సంఖ్యలు, చిప్ పటం ఫైలు కూర్పు దాచండి.

స్కేలు కూడా రాయండి. ఆర్ఎంఏ విలువలు లాగ్ 2లో వస్తాయి, మాస్5 అనే ఇంకో పద్ధతి విలువలు మామూలు స్కేలులో. ఒకే మాత్రికలో 9.4 పక్కన 680 కనబడితే జరిగింది ఇదే. నేపథ్య కాంతి స్పాట్ కన్నా ఎక్కువైన చోట లాగ్ రాదు. అక్కడ సున్నా పెట్టొద్దు, లాగ్ నిష్పత్తిలో సున్నా అంటే "తేడా లేదు" అని అర్థం. ఖాళీ వదిలి కారణం రాయండి.

బ్యాచ్ తేడాలను (వేర్వేరు రోజుల్లో, వేర్వేరు కిట్లతో చేయడం వల్ల వచ్చే తేడాలను) వ్యవస్థ పట్టిస్తుందా?

పట్టించగలదు, కానీ పట్టించాల్సిన సమయం హైబ్రిడైజేషన్‌కు ముందు. కంట్రోల్ చిప్‌లన్నీ సోమవారం, మందు ఇచ్చినవన్నీ గురువారం చేస్తే మందు ప్రభావం ఏదో రోజు ప్రభావం ఏదో ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. షెడ్యూలు వేసే తెరమీదే తేదీ, కిట్ లాట్, పనిచేసే వ్యక్తి ఒకవైపు, ప్రయోగ గుంపులు ఇంకోవైపు పెట్టి చిన్న పట్టిక చూపించండి. ఒక రోజు గడిలో ఒకే గుంపు ఉంటే ఎర్రగా వెలగాలి.

బాగోలేని చిప్‌లను వ్యవస్థే తీసేయొచ్చా?

హెచ్చరించనివ్వండి, తీసేయనివ్వకండి. అఫీమెట్రిక్స్ చిప్‌లలో జీఏపీడీహెచ్ జన్యువు ఆర్ఎన్ఏ రెండు చివరల (3 ప్రైమ్, 5 ప్రైమ్) వెలుగుల నిష్పత్తి 3 దాటితే ఆర్ఎన్ఏ చితికిందన్న అనుమానం రావాలి. స్కేలింగ్ గుణకాలు (చిప్‌ల వెలుగును ఒకే స్థాయికి తెచ్చేవి) చిప్‌ల మధ్య మూడింతల లోపు ఉండాలి. ఈ అంకెలతోపాటు చిన్న బొమ్మ కూడా చూపించండి, గీతలూ బుడగలూ కంటికి ఇట్టే తెలుస్తాయి. నిర్ణయం మనిషిది, కారణం రాయకుండా నిర్ణయం నమోదు కాకూడదు.

## భద్రత, ప్రచురణ

రోగుల నమూనాలున్నాయి. పేర్లు తీసేస్తే చాలా?

చాలదు. పేరుకూ కోడ్‌కూ మధ్య ఉన్న తాళంచెవి పట్టిక వేరే సర్వర్‌లో, వేరే మనిషి చేతిలో ఉండాలి. అసలు తేదీల బదులు మొదటి పరీక్ష నుంచి ఎన్ని రోజులన్నది పెట్టండి. ఎస్ఎన్‌పీ చిప్‌ల (డీఎన్ఏలో ఒక్క అక్షరం తేడాలు చూసే చిప్‌ల) డేటా అయితే జీనోటైపే మనిషిని పట్టిస్తుంది, దాన్ని బహిరంగంగా పెట్టకుండా డీబీగ్యాప్, ఈజీఏ వంటి అనుమతితో తెరిచే భాండాగారాలకు పంపాలి. ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకుంటే వారి కణజాలం నుంచి పుట్టిన ప్రతి ట్యూబు, ప్రతి ఫైలు ఒక్క ప్రశ్నతో దొరకాలి.

బ్యాకప్ ఎలా?

మూడు కాపీలు, రెండు రకాల నిల్వ, ఒకటి వేరే భవనంలో. డేటాబేస్, ఫైళ్లు ఒకే సమయానివి కావాలి. మూడు నెలలకోసారి ఖాళీ యంత్రం మీద తిరిగి నిలబెట్టి, సంతకాలు సరిచూడండి.

జియో, అర్రేఎక్స్‌ప్రెస్ అనే బహిరంగ డేటా భాండాగారాలకు పంపడానికి ఏం సిద్ధం చేయాలి?

జియోలో చిప్ రకానికి జీపీఎల్, నమూనాకు జీఎస్ఎం, ప్రయోగం మొత్తానికి జీఎస్ఈ సంఖ్యలుంటాయి. మీ టేబుళ్లలో మూడింటికీ గడులు పెట్టుకోండి. అర్రేఎక్స్‌ప్రెస్ వాడే మేజ్-ట్యాబ్ అనే ఫైలు రూపంలో కీలకం ఎస్‌డీఆర్ఎఫ్ పట్టిక: కణజాలం నుంచి డేటా ఫైలు దాకా ఒక్కో దారికి ఒక్కో వరుస. తల్లీపిల్లల లింకులు డేటాబేస్‌లో ఉంటే అది ఒక్క ప్రశ్నతో తయారవుతుంది, లేకపోతే వారాల పని.

తిప్పి పంపే కారణాలు ఎప్పుడూ ఇవే: ముడి ఫైళ్లు లేకపోవడం, మాత్రికలో నిలువుల పేర్లు నమూనాల పేర్లతో కలవకపోవడం, పూర్తి మాత్రిక బదులు తేడా కనిపించిన జన్యువులను మాత్రమే పంపడం. వ్యాసం అచ్చయ్యేదాకా డేటాను మూసి ఉంచి, సమీక్షకులకు మాత్రం చూసే వీలు ఇవ్వొచ్చు.

పాత డీవీడీల్లో పదేళ్ల డేటా ఉంది. దాన్నీ ఎక్కించాలా?

కొత్త ప్రయోగాలు సాఫీగా నడిచాక ఎక్కించండి. డిస్కులను మాత్రం ఇవాళే కాపీ తీయండి, అవి చెడిపోతాయి. నోటు పుస్తకాల్లో దొరకని వివరాలను ఊహించి నింపొద్దు. "రాయలేదు", "వెతికాం, దొరకలేదు", "ఈ ప్రయోగానికి వర్తించదు" అని మూడు వేర్వేరు విలువలు పెట్టండి. ఖాళీ గడి ఈ మూడింటిలో ఏదో ఐదేళ్ల తర్వాత ఎవరూ చెప్పలేరు. పాత సీఈఎల్ ఫైళ్ల తలభాగంలో చాలావరకు స్కాన్ తేదీ ఉంటుంది. చేతిరాత తేదీకీ దానికీ తేడా వస్తే రెండూ ఉంచి, ఏది ఎక్కడిదో రాయండి.